జపాన్‌తో రేర్ ఎర్త్ ఒప్పందాన్ని తెంచకండి, తిరగరాయండి: కేంద్ర గనుల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి శ్రీ జి. కిషన్ రెడ్డి గారికి,

నమస్కారం.

రేర్ ఎర్త్ అంటే బలమైన అయస్కాంతాలకు కావాల్సిన నియోడిమియం, వాటికి వేడిని తట్టుకునే గుణాన్నిచ్చే డిస్ప్రోసియం వంటి లోహ మూలకాల గుంపు. విశాఖ దగ్గర టొయోటా సుషో అనుబంధ సంస్థ టొయోట్సు రేర్ ఎర్త్స్ ఇండియా ఒక శుద్ధి కర్మాగారం నడుపుతోంది. ఒడిశాలోని ఛత్రపూర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ తీర ఇసుక నుంచి తీసిన మిశ్రమ రేర్ ఎర్త్ అక్కడికి వస్తుంది. విడివిడి మూలకాలుగా మారి జపాన్ వెళ్తుంది. 2012లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం దీనికి ఆధారం. 2024లో ఈ దారిన వెయ్యి టన్నులకు పైగా సరుకు జపాన్ చేరిందని, అది ఐఆర్‌ఈఎల్ తీసినదానిలో మూడో వంతని వార్తా సంస్థలు రాశాయి. 2025 జూన్‌లో ఆ ఎగుమతిని ఆపమని కేంద్రం ఐఆర్‌ఈఎల్‌ను కోరినట్టు వార్తలొచ్చాయి. ప్రభుత్వాల మధ్య ఒప్పందం గనుక తక్షణం ఆపడం కుదరదని, సామరస్యంగా తేల్చుకోవాలన్నది ఐఆర్‌ఈఎల్ ఆలోచన అని కూడా వాటిలోనే ఉంది.

అలా తేల్చుకునే పని మీ చేతిలో ఉంది. 2025 ఆగస్టులో ప్రధాని టోక్యో వెళ్లినప్పుడు ఖనిజ వనరులపై జపాన్ ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖతో సహకార పత్రం కుదుర్చుకున్నది మీ శాఖే. మా విన్నపం ఇది: 2012 ఒప్పందాన్ని తెంచకండి, తిరగరాయండి. మనం పంపే ప్రతి టన్ను నియోడిమియంకు బదులుగా డబ్బుతో పాటు లోహం తీసే పనితనం, డిస్ప్రోసియం కోటా, కొనుగోలు హామీ మన దేశానికి రావాలి.

ఎగుమతి ఆపాలన్న ఆలోచన ఎందుకు పుట్టిందో మాకు తెలుసు. 2025 ఏప్రిల్ 4న చైనా సమారియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియంలను, వాటితో చేసే అయస్కాంతాలను లైసెన్సు కిందికి తెచ్చింది. మన దిగుమతిదారు తుది వినియోగ ధ్రువపత్రం నింపాలి. దానిపై మన ప్రభుత్వ ధ్రువీకరణ తెచ్చుకోవాలి. ఢిల్లీలోని చైనా దౌత్య కార్యాలయం గడప తొక్కాలి. అప్పుడు గాని చైనా సరఫరాదారు దాన్ని బీజింగ్ వాణిజ్య శాఖకు పెట్టలేడు. కిలోకు కొన్ని వేల రూపాయలు చేసే అయస్కాంతం లేక లక్షల విలువైన వాహనాల తయారీ ఆలస్యమయ్యే స్థితి వచ్చింది. అలాంటప్పుడు మన నియోడిమియం పరాయి దేశానికి ఎందుకు పోవాలని ఎవరైనా అడుగుతారు.

కానీ జపాన్ మన దగ్గరికి ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోవాలి. 2010 సెప్టెంబరులో సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ జపాన్ తీర రక్షక నౌకలను ఢీకొంది. జపాన్ ఆ పడవ కెప్టెన్‌ను అరెస్టు చేసింది. తర్వాత వారాల పాటు చైనా రేవుల నుంచి జపాన్‌కు రేర్ ఎర్త్ కదల్లేదు. బీజింగ్ దాన్ని నిషేధమని ఎన్నడూ ఒప్పుకోలేదు. అప్పటికి జపాన్ అవసరాల్లో దాదాపు 90 శాతం చైనా నుంచే వచ్చేది. ఆ దెబ్బతో జపాన్ రెండు దిక్కుల్లో కదిలింది. 2011లో జాగ్‌మెక్ అనే ప్రభుత్వ సంస్థ, సోజిట్జ్ అనే వ్యాపార సంస్థ కలిసి ఆస్ట్రేలియా రేర్ ఎర్త్ కంపెనీ లైనాస్‌కు 25 కోట్ల డాలర్లు సమకూర్చాయి. మరుసటి ఏడాది మనతో ఒప్పందం కుదిరింది. పదేళ్లలో చైనాపై జపాన్ ఆధారం 60 శాతం దరిదాపులకు దిగింది. ఒక పొరుగు దేశం సరుకు ఆపినందుకు మనల్ని నమ్ముకుని వచ్చిన మిత్రదేశానికి మనమూ సరుకు ఆపితే, తర్వాత ఏ దేశమూ మనతో పదేళ్ల ఒప్పందం రాయదు. 2026 జనవరిలో చైనా జపాన్‌పై సైనిక, పౌర అవసరాలు రెండింటికీ పనికొచ్చే వస్తువుల ఎగుమతి ఆంక్షలు మళ్లీ బిగించింది. టోక్యోకు మన అవసరం ఇప్పుడే ఎక్కువ. బేరానికి ఇదే మంచి సమయం.

ఇక అసలు సంగతి. ఎగుమతి ఆపితే ఆ సరుకు మన దేశంలో అయస్కాంతంగా మారుతుందా? ఈ రోజుకు మారదు.

తీరంలో స్పైరళ్లు, అయస్కాంత యంత్రాలు, హై టెన్షన్ విద్యుత్ యంత్రాలతో ఇసుక నుంచి రేర్ ఎర్త్, థోరియం కలిసి ఉన్న మోనజైట్ ఖనిజాన్ని వేరు చేస్తారు. దాన్ని కాస్టిక్ సోడాలో ఉడికించి ఫాస్ఫేట్‌ను తీసేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి రేడియోధార్మిక థోరియంను వెనక్కి ఉంచి, మిశ్రమ క్లోరైడును ముందుకు పంపుతారు. సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్, అంటే ద్రావకంతో మూలకాలను విడదీసే పద్ధతిలో వందల మిక్సర్ సెట్లర్ తొట్ల గుండా నడిపి నియోడిమియం, ప్రసియోడిమియం ఆక్సైడ్ తీస్తారు. ఇక్కడి వరకు మనకు వచ్చు. 1950లో స్థాపించిన ఐఆర్‌ఈఎల్‌కు కేరళలోని అలువాలో దశాబ్దాల అనుభవముంది.

తర్వాతి మెట్టు దగ్గర మనం ఆగిపోయాం. ఆక్సైడ్‌ను లోహం చేయాలంటే నియోడిమియం ఫ్లోరైడ్, లిథియం ఫ్లోరైడ్ కలిపి సుమారు 1,050 డిగ్రీల వద్ద కరిగించిన ద్రవంలో వేసి విద్యుత్ పంపాలి. లోహం అడుగున చేరుతుంది. గ్రాఫైట్ యానోడ్ కాలుతూ పోతుంది. ఆక్సైడ్ వేసే వేగం కాస్త తగ్గితే చాలు, యానోడ్ దగ్గర పర్‌ఫ్లోరోకార్బన్ వాయువులు పుడతాయి, వోల్టేజీ ఎగబాకుతుంది, ఆ విడత కరెంటు ఖర్చంతా దండగ. ఎక్కువ వేస్తే కరగని ఆక్సైడ్ అడుగున పేరుకుని లోహంలో కలుస్తుంది. ఈ సమతూకం పాఠ్యపుస్తకంలో దొరకదు, ఏళ్ల తరబడి ఆ ద్రవం ఉండే తొట్టి (సెల్) పక్కన నిలబడిన ఆపరేటర్ చేతిలో ఉంటుంది. వాణిజ్య స్థాయిలో ఆ చేతులు చైనాలో ఉన్నాయి, తర్వాత జపాన్ సంస్థలు నడిపించే ఆగ్నేయాసియా యూనిట్లలో ఉన్నాయి. రేర్ ఎర్త్ శుద్ధి, అయస్కాంత తయారీ పరిజ్ఞానం ఎగుమతిని చైనా 2023 డిసెంబరులోనే నిషేధించింది.

లోహం తర్వాత ఇనుము, బోరాన్‌తో కలిపి పలుచని రేకులుగా పోత పోయాలి. హైడ్రోజన్‌తో పెళుసుగా చేసి, జెట్ మిల్లులో 3 నుంచి 5 మైక్రాన్ల పొడి కొట్టాలి. ఆ పొడికి గాలి తగిలితే అంటుకుంటుంది. అంటుకోకపోయినా, పీల్చుకున్న ఆక్సిజన్ వల్ల పూర్తయిన అయస్కాంతం వేడికి బలం కోల్పోతుంది. అందుకే మిల్లు నుంచి ప్రెస్ దాకా అంతా నైట్రోజన్ కిందే నడవాలి. అయస్కాంత క్షేత్రంలో అచ్చువేసి, శూన్యంలో కాల్చి గట్టిపరిచి (సింటరింగ్), కోసి, సానబట్టి, నికెల్ పూత వేస్తారు. కోతలో, సానలో పావు వంతు దాకా పొడిగా పోతుంది. ఈ దశలపై మన దగ్గర పరిశోధన లేకపోలేదు. హైదరాబాద్‌లోని లోహ పరిశోధన సంస్థలు ఎన్‌ఎఫ్‌టీడీసీ, డీఎంఆర్‌ఎల్‌లలో మంచి పని జరిగింది. విశాఖలో బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ప్రాంగణంలో ఐఆర్‌ఈఎల్ పెట్టిన సమారియం కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటును 2023 మేలో ప్రధాని జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. రక్షణ, అణు, అంతరిక్ష అవసరాలకు అది విలువైనది. కానీ మీ ప్రభుత్వం 2025 నవంబరు 26న ఆమోదించిన ₹7,280 కోట్ల అయస్కాంత పథకం లక్ష్యం ఏడాదికి 6,000 టన్నులు. మూడు టన్నులకూ ఆరు వేల టన్నులకూ మధ్య ఉన్న ఎడం డబ్బుతో మాత్రమే పూడదు.

లెక్క చూడండి. నియోడిమియం అయస్కాంతం బరువులో సుమారు 30 శాతం రేర్ ఎర్త్. 6,000 టన్నుల అయస్కాంతంలో 1,800 టన్నులు ఉంటుంది. కోతలో పోయేది కలుపుకుంటే 2,400 టన్నుల లోహం, అంటే దాదాపు 2,800 టన్నుల ఆక్సైడ్ కావాలి. ఐఆర్‌ఈఎల్ ఇప్పుడు ఏడాదికి ఇవ్వగలిగింది 500 టన్నుల దరిదాపు. టన్ను మోనజైట్ నుంచి నికరంగా 120 కిలోల నియోడిమియం, ప్రసియోడిమియం ఆక్సైడ్ వస్తుందనుకుంటే, లక్ష్యం చేరడానికి ఏటా సుమారు 23 వేల టన్నుల మోనజైట్ తీయాలి. ఇసుకలో మోనజైట్ ఒక శాతం ఉందనుకున్నా 23 లక్షల టన్నుల ఇసుక కదిలించాలి. చాలాచోట్ల అంతకంటే తక్కువే ఉంటుంది. జపాన్ వెళ్లే సరుకును ఆపినంత మాత్రాన ఈ లెక్క తీరదు. పైగా ఆ వెయ్యి టన్నులూ నియోడిమియమే అనుకోకూడదు.

మరో చిక్కు గురించి బయట ఎవరూ మాట్లాడరు. మోనజైట్‌లోని రేర్ ఎర్త్‌లో మూడింట రెండు వంతులకు పైగా లాంథనం, సీరియం. నియోడిమియం కోసం తవ్వినకొద్దీ ఇవి గుట్టలు పడతాయి. లాంథనం చమురు శుద్ధి ఉత్ప్రేరకాల్లోకి, సీరియం గాజు పాలిష్‌లోకి పోతుంది. రెండింటికీ ధర తక్కువ, గిరాకీ పరిమితం. వాటిని కొనే ఖాతాదారు లేకపోతే మొత్తం ఖర్చు నియోడిమియం నెత్తిన పడుతుంది. అందుకే జపాన్ గాజు, సెమీకండక్టర్, ఉత్ప్రేరక పరిశ్రమలు సీరియం, లాంథనంలను దీర్ఘకాలం కొంటామని కొత్త ఒప్పందంలో రాసివ్వాలి. నియోడిమియం కావాలంటే సీరియం కూడా తీసుకోవాలని అడగడం న్యాయమైన బేరమే.

డిస్ప్రోసియం దగ్గర మన చేయి ఖాళీ. కారు మోటారులోని అయస్కాంతం 150 డిగ్రీలు తట్టుకోవాలంటే కొద్దిగా డిస్ప్రోసియం గాని టెర్బియం గాని ఉండాలి. మన మోనజైట్‌లో అవి నామమాత్రం. 6,000 టన్నుల్లో సగం మోటార్లకే పోతుందనుకుని, సగటున 2 శాతం వేసుకుంటే ఏడాదికి 60 టన్నుల డిస్ప్రోసియం కావాలి. చైనా కాకుండా దాన్ని వాణిజ్య స్థాయిలో వేరు చేయడం 2025 మేలో లైనాస్ మలేసియా కర్మాగారంలో మొదలైంది. 2023లోనే జాగ్‌మెక్, సోజిట్జ్ బృందం మరో 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు లైనాస్‌లో పెట్టి, దాని మౌంట్ వెల్డ్ గని నుంచి వచ్చే డిస్ప్రోసియం, టెర్బియంలో 65 శాతం వరకు తమకు దక్కేలా రాయించుకుంది. అంటే మనకు లేనిది జపాన్ చేతిలో ఉంది, జపాన్‌కు చాలనిది మన తీరంలో ఉంది. రెండు ప్రభుత్వాల పత్రాల్లో నమ్మకం, భాగస్వామ్యం అన్న మాటలు చాలా ఉన్నాయి, కిలోల లెక్క మాత్రం లేదు. ఇన్ని టన్నుల నియోడిమియం ఆక్సైడ్‌కు ఇన్ని కిలోల డిస్ప్రోసియం అన్న మార్పిడి నిష్పత్తిని ఒప్పందంలో అంకెలుగా రాయించండి. డిస్ప్రోసియంను అయస్కాంతం మొత్తానికి కలపకుండా ఉపరితలం నుంచి రేణువుల అంచుల్లోకి ఎక్కించే పద్ధతిలో జపాన్ ఆరితేరింది. అసలు నియోడిమియం అయస్కాంతాన్ని 1982లో కనుగొన్న ఇద్దరిలో ఒకరైన మసాటో సగావా జపాన్ వారే. ఆ పద్ధతికి లైసెన్సు దొరికితే మన 60 టన్నుల అవసరం బాగా తగ్గుతుంది.

ధర విషయంలో మీ ప్రభుత్వ పథకానికి ఒక లోపముంది. ₹6,450 కోట్ల అమ్మకపు ప్రోత్సాహకం ఐదేళ్లలో 30 వేల టన్నులకు పంచితే కిలోకు ₹2,150. ఇది స్థిరమైన మొత్తం. చైనా ధర ఎంత పడినా ఇదే, ఎంత పెరిగినా ఇదే. 2011లో ధరలు ఆకాశానికెక్కాయి. అమెరికాలోని రేర్ ఎర్త్ గని కంపెనీ మోలీకార్ప్ ఆ ధరలు చూసి అప్పులు చేసి ప్లాంటు కట్టింది. ధరలు కూలాయి. చైనా ఎగుమతి కోటాలపై అమెరికా, ఐరోపా, జపాన్ 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి 2014లో గెలిచాయి. కోటాలు 2015 మొదట్లో పోయాయి. ఆ జూన్‌లోనే మోలీకార్ప్ దివాలా తీసింది. అదే మాంద్యంలో లైనాస్ బతికి బట్టకట్టిందంటే జపాన్ రుణదాతలు గడువు పొడిగించి, వడ్డీ తగ్గించడం ఒక ముఖ్య కారణం. ఓపిక ఉన్న పెట్టుబడి లేకపోతే ఈ రంగంలో ఎవరూ నిలవలేదు.

అమెరికా ఆ పాఠం నేర్చుకుంది. 2025 జులైలో అక్కడి రక్షణ శాఖ రేర్ ఎర్త్ కంపెనీ ఎంపీ మెటీరియల్స్‌కు నియోడిమియం, ప్రసియోడిమియం కిలోకు 110 డాలర్ల కనీస ధర పదేళ్లకు హామీ ఇచ్చింది. అప్పటి చైనా మార్కెట్ ధరకు అది దాదాపు రెట్టింపు. ధర పైకి పోతే లాభంలో ప్రభుత్వానికి వాటా. మనం అంత ఎత్తు ధర కట్టనక్కరలేదు. కానీ రూపం అదే కావాలి: మార్కెట్ ధర గీత కంటే దిగితే ప్రభుత్వం తేడా చెల్లించాలి, గీత దాటితే కంపెనీ వాటా తిరిగి కట్టాలి. ఆ గీతను జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే చోట గీస్తే మరీ మంచిది. లేకపోతే మిత్రదేశాలు ఒకదానితో ఒకటి రాయితీల పోటీకి దిగుతాయి, చైనా ధర దించి అందరినీ కలిపి ముంచుతుంది. 2025 జులైలో క్వాడ్ (భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా) విదేశాంగ మంత్రులు ప్రకటించిన కీలక ఖనిజాల కార్యక్రమం కింద చర్చించాల్సిన మొదటి అంశం ఇదే. ఆ తర్వాత అక్టోబరులో అమెరికా ఆస్ట్రేలియాతో ఒక చట్రం, జపాన్‌తో మరొకటి కుదుర్చుకుంది. రెండింటిలోనూ మనం లేం.

ఆస్ట్రేలియాను మనం లిథియం, కోబాల్ట్ దేశంగానే చూస్తున్నాం. అక్కడి ఇలూకా కంపెనీ మనలాగే ఖనిజ ఇసుకలోని మోనజైట్ నుంచి రేర్ ఎర్త్ తీసే శుద్ధి కర్మాగారాన్ని ఎనీబా దగ్గర కడుతోంది. అక్కడి ప్రభుత్వం దానికి 165 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల రుణం ఇచ్చింది. ఖనిజం స్వభావం ఒకటే, థోరియం తలనొప్పీ ఒకటే. సాంకేతిక సహకారానికి ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మోనజైట్ అణుశక్తి విభాగం కింద ఉంది. కీలక ఖనిజాల మిషన్ మీ శాఖది. అయస్కాంత పథకం భారీ పరిశ్రమల శాఖది. ఎగుమతి, దిగుమతులు వాణిజ్య శాఖవి. జపాన్‌తో మాట్లాడేది విదేశాంగ శాఖ. టోక్యో నుంచి వచ్చిన ఒక ప్రశ్న ఐదు భవనాలు తిరగాలి. అక్కడ ఒకే శాఖ కింద జాగ్‌మెక్ ఉంది. గని వాటా కొనేదీ అదే, అప్పిచ్చేదీ అదే, నిల్వ పెట్టేదీ అదే. మన దగ్గర 2019లో మూడు ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టిన కాబిల్ విదేశీ గనుల కోసమే ఉంది. అర్జెంటీనాలో ఐదు లిథియం బ్లాకులు తెచ్చింది. దానికి కొనుగోలు ఒప్పందాలు రాసే అధికారం, నిల్వలు పెట్టే నిధి, అణుశక్తి విభాగం నుంచి డిప్యుటేషన్‌పై నలుగురు రేర్ ఎర్త్ రసాయన నిపుణులు ఇవ్వండి.

తీరం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సరుకు అక్కడి నుంచే రావాలి. 2026-27 బడ్జెట్‌లో ఒడిశా, కేరళ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో రేర్ ఎర్త్ కారిడార్లు ప్రకటించారు. మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఆ ఇసుక మీదే మత్స్యకారుల ఊళ్లున్నాయి, వలలు ఆరేది అక్కడే. 2019లో నిబంధన మార్చి, మోనజైట్ ఆనవాలున్న తీర ఇసుకను ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు. అక్రమ ఎగుమతుల చరిత్ర చూస్తే అది సరైన నిర్ణయం. కానీ 2025 సెప్టెంబరులో కీలక, అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. దానివల్ల పని వేగంగా సాగుతుందని మేం నమ్మడం లేదు. టన్ను మోనజైట్‌లో 80 నుంచి 100 కిలోల థోరియం ఆక్సైడ్ ఉంటుంది. 23 వేల టన్నులు శుద్ధి చేస్తే ఏటా రెండు వేల టన్నుల థోరియం ఎక్కడ పెడతారని గ్రామస్థులు అడుగుతారు. అడగాలి కూడా. జవాబు ముందే ఇవ్వని చోట గని ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతుంది. చట్టం మినహాయించినా మీరు గ్రామసభలు పెట్టించండి. తవ్వకానికి ముందూ తర్వాతా రేడియేషన్ కొలతలను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడ మీద పెట్టించండి. ఇసుక తిరిగి నింపే గడువును లీజు షరతుగా రాయించండి.

కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు ₹1,500 కోట్ల పథకం ఉంది. అయస్కాంతాల వరకు దాన్ని ముందు కర్మాగారాల్లో సానబట్టిన పొడిపైనే పెడితే త్వరగా ఫలితం వస్తుంది. పాత హార్డ్ డిస్కులు ఏరడం కంటే అది తేలిక.

చైనా 2025 అక్టోబరు 9న ప్రకటించిన రెండో విడత ఆంక్షలు, యంత్రాల ఎగుమతిపై అడ్డంకులతో సహా, దక్షిణ కొరియాలోని బూసాన్‌లో అమెరికా, చైనా అధ్యక్షుల సమావేశం తర్వాత 2026 నవంబరు 10 వరకు నిలిపివేతలో ఉన్నాయి. ఏప్రిల్ జాబితా మాత్రం అలాగే కొనసాగుతోంది. ఆ తేదీ లోపు కొత్త ఒప్పందం ముసాయిదా టోక్యో బల్ల మీద ఉండాలి. ఎగుమతిని ఒక్కసారిగా ఆపకుండా, మన లోహపు సెల్స్ నడిచే కొద్దీ ఏటా ఇంత శాతం తగ్గిస్తామని ముందే రాయండి. విశాఖలోని అదే కర్మాగారం పక్కన జపాన్ భాగస్వామ్యంతో ఏడాదికి 500 టన్నుల లోహం తీసే యూనిట్ పెట్టాలని, దానిలో పనిచేసే మన ఆపరేటర్లకు కనీసం రెండేళ్లు జపాన్ నిపుణుల దగ్గర సెల్స్ మీదే శిక్షణ ఉండాలని షరతు పెట్టండి. ధర వివరాలు రహస్యంగా ఉంచుకున్నా, ఏటా ఎన్ని టన్నుల ఆక్సైడ్ వెళ్లింది, బదులుగా ఎన్ని కిలోల డిస్ప్రోసియం వచ్చింది, ఎంతమంది శిక్షణ పూర్తి చేశారు అన్న మూడు అంకెలను పార్లమెంటు ముందు పెడతామని మాటివ్వండి.

భవదీయులు,
ఖనిజ శుద్ధి, లోహశాస్త్రం, అంతర్జాతీయ వాణిజ్య రంగాల్లో పనిచేస్తున్న కొందరు తెలుగువారు